సుడిదోమకు వేపమందు కొట్టబోతున్నారా? ముందు దుబ్బు మొదలు చూడండి

వానాకాలం వరి చిరుపొట్టకొచ్చేసరికి, దుబ్బు మొదట చేరి రసం పీల్చే సుడిదోమ టెన్షన్ మొదలవుతుంది. వేపమందే కదా, ఏం కాదులే అని దోమ కనబడకముందే ఓ దఫా కొట్టేసేవాళ్లు ఎక్కువ. నా పేచీ అక్కడే.

దోమ గుచ్చి రసం పీలిస్తే వరి మొక్క ఊరికే ఉండదు, కొన్ని వాసనలు వదులుతుంది. వాటిలో లినలూల్ ఒకటి. మన ధనియాల ఘుమఘుమ చాలావరకు దానిదే. చేలో అది మన ముక్కుకు అందదు గానీ, కంటికి ఆనని అనాగ్రస్ కందిరీగ, ఆకుపచ్చ మిరిడ్ నల్లి ఆ వాసన పట్టుకునే వస్తాయి. కందిరీగ దోమ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది, నల్లి గుడ్లను పీల్చేస్తుంది. ఆకు తొడుగు లోపల దాగిన ఆ గుడ్లు మన మందుకు సులువుగా చిక్కవు.

వేపలోని అజాడిరక్టిన్ దోమను అక్కడికక్కడ చంపదు. తిండి తగ్గిస్తుంది, పిల్లదోమల ఎదుగుదలను ఆపుతుంది. పీల్చడమే తగ్గితే మొక్క పంపే కబురూ పలచబడొచ్చు. ఇక దోమే లేని చేలో దానికి ఆపడానికేమీ ఉండదు, కాబట్టి అక్కడ వేపమందు కూడా దండగే.

దుబ్బును వంచి మొదలు దగ్గర దోమల్ని, మిత్రపురుగుల్ని లెక్కపెట్టండి. మిరిడ్ నల్లులు, సాలీళ్లు బాగా ఉంటే నాలుగు రోజులు ఆగి మళ్లీ చూడండి. దోమ కొద్దికొద్దిగా పెరుగుతుంటే అప్పుడు 1500 పీపీఎం వేపమందు లీటరుకు 5 మి.లీ. చాలు. ఎండకు అజాడిరక్టిన్ త్వరగా చెడిపోతుంది, సాయంత్రమే కొట్టండి. నాజిల్ దుబ్బు మొదలుకు పెట్టాలి. పైపైన కొడితే దోమ మీద పడదు, మిత్రపురుగులకే ఇబ్బంది. నాట్లప్పుడే 2 మీటర్లకో 20 సెం.మీ. కాలిబాట తీసినవాళ్లకు ఈ పని తేలిక.

పిలక దశలో దుబ్బుకు 10–15, ఈనిక తర్వాత 20–25 దోమలు దాటితే వేప ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, వ్యవసాయాధికారిని అడిగి మందు మార్చండి. అప్పుడైనా మిత్రపురుగుల్నీ చంపేసే సింథటిక్ పైరిథ్రాయిడ్ రసాయన మందుల జోలికి పోవద్దు. నిరుడు ఓ దుకాణంలో 'వేపమందు, పైరిథ్రాయిడ్ రెండూ కలిపి కొట్టు' అంటే మా పక్క చేనాయన కలిపే కొట్టాడు. మిత్రపురుగులు పోయాయి, దోమ మళ్లీ తన్నుకొచ్చింది. యూరియా దఫాలుగానే వేయండి, మధ్యమధ్య నీళ్లు తీసి చేను ఆరబెట్టండి.