పాత నేపాలీ ఖుక్రీ అసలుదేనా? కత్తినీ ఒరనూ పరీక్షించే తీరు

ముందు కత్తి దూసే పద్ధతి. ఒరను వెన్ను (పదును లేని మొద్దు అంచు) వైపునుంచే పట్టుకోండి, పదును వైపు వేళ్లు చుట్టొద్దు. పాత ఒర అంటే రెండు చెక్క బద్దల మీద తొడిగిన తోలే. అతుకు విడిపోయి ఉంటే కత్తి అంచు తోలు కోసుకుని నేరుగా అరచేతిలోకి దిగుతుంది.

కత్తికీ ఒరకూ విడివిడిగా వయసు కట్టాలి. తోలు తొందరగా పాడవుతుంది కాబట్టి పాత కత్తికి కొత్త ఒర ఉండటం మామూలే, అది మోసం కాదు. కొత్త కత్తిని పాత ఒరలో పెట్టి అమ్మడమే మోసం.

మందం కొలిచే కాలిపర్‌తో వెన్ను మందం మూడు చోట్ల కొలవండి: పిడి దగ్గర, వంపు దగ్గర, మొనకు కాస్త ముందు. సుత్తితో సాగదీసిన అలుగు (పిడి కాక మిగిలిన లోహపు భాగం) పిడి దగ్గర దళసరిగా మొదలై మొనకేసి సన్నబడుతుంది. మందం మూడు చోట్లా ఒకటే ఉంటే అది రేకును గ్రైండర్‌తో కోసి చేసినదని అనుమానించండి. తర్వాత పిడికి దగ్గరున్న 'చో' అనే గంటు మూలల్ని భూతద్దంతో చూడాలి. పగుళ్లు మొదలయ్యేది అక్కడే. యాసిడ్‌తో తెప్పించిన తుప్పు అన్నిచోట్లా ఒకే రంగులో, ఒకే లోతులో ఉంటుంది. నిజమైన వయసు అలా రాదు. పదే పదే సానపట్టిన చోట లోహం తేటగా, వెన్ను మీద ముదురు గోధుమ రంగులో ఉంటుంది.

వెన్ను మీద దేవనాగరి అంకెలుంటే తొందరపడొద్దు. సంవత్సరమైతే అది విక్రమ సంవత్, సుమారు 57 తీసేయాలి: 1975 అని ఉంటే 1918 అన్నమాట. అయితే ప్రతి సంఖ్యా సంవత్సరం కాదు, ఆయుధం వరస సంఖ్య కూడా కావచ్చు. 2003లో ఖాట్మండులోని లగన్ సిలేఖానా ఆయుధాగారం నుంచి పెద్ద ఎత్తున పాత ఖుక్రీల సరుకు బయటికి వచ్చింది. అందుకే పాత సైనిక ఖుక్రీని 'ఎక్కడా దొరకదు' అంటూ ధర పెంచితే నమ్మకండి.

నాణ్యతను అంచే చెబుతుంది. నేపాల్ కమ్మరులు ఎర్రగా కాలిన అలుగు అంచు మీద కెటిల్‌తో నీళ్లు పోసి అక్కడ మాత్రమే గట్టిదనం తెస్తారు, వెన్ను మెత్తగానే ఉంటుంది. దెబ్బ తిన్నచోట అంచు మడత పడితే పదును మెత్తన, పెచ్చులూడితే మరీ పెళుసు. పిడి అతుకులో మెరిసే ఎపాక్సీ (ఈ కాలపు రసాయన జిగురు) కనిపిస్తే పిడి మార్చారన్నట్టే. పాతకాలం అతుకు లక్కలాంటి జిగురు, ముదురు రంగు.

ఒర నోటి దగ్గర చెక్క మీద అలుగు వంపును అనుసరించే అరుగుదల ఉండాలి. కత్తి చివరిదాకా దిగాలి, తలకిందులు చేస్తే జారిపడకూడదు. కుట్టులో నైలాన్ దారం తళతళలాడితే ఆ కుట్టు కొత్తదే. 19వ శతాబ్దంలో ఖుక్రీని నడుముకు చుట్టిన పటుకా అనే గుడ్డలో దోపుకునేవారు, కాబట్టి బెల్టు పట్టీ లేకపోవడం లోపం కాదు. వెనక చిన్న అరల్లో కర్ద అనే చిన్న కత్తి, చక్మక్ అనే మొండి ఉక్కు ముక్క ఉంటాయి. మన చెకుముకికీ ఈ పేరుకూ చుట్టరికముంది, దీంతో నిప్పు రాజేసేవారు. ఈ రెంటి పిడులూ పెద్ద కత్తి పిడితో ఒకే పదార్థంలో ఉంటే జత చెదరలేదన్న నమ్మకం పెరుగుతుంది.

పాలిష్ చక్రం పెట్టించొద్దు, అలుగు మీది ముద్రలు అరిగిపోతాయి. పలచగా మినరల్ ఆయిల్ రాసి, తోలులో తేమ ఉంటుంది గనుక అలుగును ఒర బయటే దాచండి. దంతపు పిడి ఉంటే మాత్రం ముట్టుకోకండి: భారతదేశంలో ఏనుగు దంతం అమ్మకం, కొనుగోలు నేరం. నేపాల్ నుంచి తెచ్చే పాత వస్తువులకు అక్కడి పురావస్తు శాఖ అనుమతి కావాలి, వందేళ్లు దాటినవాటిని బయటికి పోనివ్వరు.