తుఫానుల నెలలకు ముందు మీడియా ప్లేయరు జాగ్రత్తలు: కరెంటు రొద తగ్గించుకునే తీరు

విశాఖపట్నంలో సెప్టెంబరు ముగిసేలోగా ఇంట్లోని ఎలక్ట్రానిక్ పరికరాల వైరింగును ఒకసారి చూసుకోవడం మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడ తీరం దాటిన సంగతి నగరంలో ఎవరూ మరచిపోలేదు. ఆంప్లిఫయరుకు కలిపిన మీడియా ప్లేయరులో ఇప్పటికే సన్నగా రొద వినబడుతూ ఉంటే, గాలివానలు మొదలుకాక మునుపే దాని మూలం కనిపెట్టాలి. రొదకు దారి ఇచ్చే వదులు జాయింటు, తుప్పు పట్టిన ఎర్త్ తీగ, నాసిరకం అడాప్టరు తుఫాను రోజున పరికరం కాలిపోవడానికీ కారణం కావచ్చు.

ముందుగా శబ్దాన్ని శ్రద్ధగా వినాలి. ఎడతెగకుండా గుయ్‌మని లోతుగా వినిపించేది 50 హెర్ట్జ్ మెయిన్స్ హమ్, అంటే ఇంటి కరెంటు రొద. ఇది ఎక్కువగా ఎర్త్ దారిలోని లోపం వల్ల వస్తుంది. కాస్త గరుకుగా జుయ్‌మనేది సాధారణంగా 100 హెర్ట్జ్, దాని గుణిజాలు; అడాప్టరు గానీ, ఫ్యాను రెగ్యులేటరు గానీ, చవక ఎల్‌ఈడీ బల్బు గానీ దీనికి కారణం కావచ్చు. తెరమీద మెనూ కదిపినప్పుడో, హార్డ్ డిస్కు చదువుతున్నప్పుడో మారుతూ కీచుమనేది మాత్రం ప్లేయరు లోపలి నుంచే వస్తున్నట్టు లెక్క.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ప్లేయరు 5 వోల్టులతో నడిచే చిన్న పెట్టె అయితే, దాని అడాప్టరు తీసేసి, అంత కరెంటు ఇవ్వగల పవర్ బ్యాంకుతో నడిపి చూడాలి. రొద మాయమైతే నేరం అడాప్టరుదో, అది కలిపే ఎర్త్ దారిదో అవుతుంది. అప్పుడు కూడా తగ్గకపోతే టీవీకి వచ్చే కేబుల్ వైరును గానీ, డిష్ వైరును గానీ విప్పి వినాలి. ఆ వైరు ఇంటి బయట ఎక్కడో ఒకచోట భూమికి తగులుతుంది. ఆంప్లిఫయరు ఇంటి ఎర్త్‌కు తగులుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజి తేడా ఆడియో కేబుల్ కవచం గుండా ప్రవహించి హమ్‌గా వినబడుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ఆప్టికల్ కేబుల్ వాడే వీలుంటే అంతకంటే మంచి మందు లేదు, ఎందుకంటే అందులో వెలుగు తప్ప కరెంటు పోదు. కేబుల్ టీవీ వైరుకు ఐసొలేటర్ (టీవీ సంకేతాన్ని పోనిచ్చి, ఎర్త్ దారిని తెంచే చిన్న పరికరం) పెట్టవచ్చు గాని, డిష్ వైరు మీదుగా డిష్ గొడుగుకు విద్యుత్తు వెళ్లాలి కాబట్టి అక్కడ మామూలు ఐసొలేటర్ పనికిరాదు. ప్లేయరు, టీవీ, ఆంప్లిఫయరు మూడింటినీ ఒకే సాకెట్టు బోర్డుకు కలపడం అన్నిటికంటే సులువైన పని. చాలామంది దాన్నే చివరికి వదిలేస్తారు. ఆడియో కేబులు, కరెంటు తీగ పక్కపక్కన సాగకుండా చూడాలి. దాటక తప్పని చోట అడ్డంగా దాటించాలి.

సముద్రం పక్కన ఉండేవారికి మరో చిక్కుంది. లాసన్స్ బే కాలనీ, పెద్దవాల్తేరు వంటి చోట్ల ఉప్పుగాలి తగిలిన ప్లగ్గు మొనలమీద ఆకుపచ్చని చిలుము పడుతుంది. ఆ పొర అడ్డుపడితే చిటపటలు, ఒక స్పీకరు మూగబోవడం వంటివి మొదలవుతాయి. అన్నిటికీ కరెంటు ఆపి, ఆడియో పిన్నులను లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరిన తర్వాత గట్టిగా బిగించాలి. గరుకు కాగితంతో రుద్దితే పైపూత పోయి, చిలుము ఇంకా త్వరగా పడుతుంది.

ఎర్తింగ్ విషయంలో మాత్రం ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే సరైన పని. సాకెట్టులో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనుక తీగ ఉందని నమ్మకం లేదు. పాత ఇళ్లలో ఆ తీగ స్విచ్ బోర్డు దాకా వచ్చి ఆగిపోయి ఉండవచ్చు. ఉన్నా, గొయ్యిలోని పైపుకు బిగించిన క్లాంపు తుప్పు తిని ఊడివచ్చేలా ఉండవచ్చు. కొండవాలు ఇళ్లలో రాతి నేల ఎర్త్‌ను సరిగా పట్టదు. బీచ్ దగ్గరి ఇసుక నేల త్వరగా ఆరిపోతుంది. వాన పడ్డాక నేల తడిగా ఉంటుంది కాబట్టి అప్పుడు తీసే ఎర్త్ నిరోధం రీడింగు ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. అందువల్ల ఇప్పుడు క్లాంపును, తీగను కంటితో చూసుకుని, రీడింగును మళ్లీ మే నెలలో తీయించాలి. ప్లేయరు ఇనుప పెట్టెను టెస్టరుతో తాకితే బల్బు మసకగా వెలగడం, చేతికి జివ్వుమనడం రెండు పిన్నుల అడాప్టర్లలో తరచుగా కనిపించేదే. అయితే గట్టిగా షాకు కొడితే వెంటనే ఆపి, ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

హమ్ పోతుందని కొందరు ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేస్తారు, దానిమీద టేపు చుడతారు. ఇది ఎప్పటికీ చేయకూడదు. ఆంప్లిఫయరు లోపల లైవ్ తీగ పెట్టెకు తగిలిన రోజు, చేయి వేసినవారి ఒంటిమీదుగానే కరెంటు భూమికి పోతుంది. వేలు పోసి కొనే పవర్ కేబుళ్లమీద నాకు నమ్మకం తక్కువ. గోడలోని పాత తీగ అలాగే ఉండగా చివరి గజం మార్చి లాభమేమిటో అమ్మేవారే చెప్పాలి. పెట్టె విప్పాలన్న ఆలోచన వచ్చినా జాగ్రత్త అవసరం: లోపల మెయిన్స్ సప్లయ్ ఉంటే, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కెపాసిటరులో సుమారు 325 వోల్టులు కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

పిడుగులు పడే సూచన కనబడితే స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్గు, డిష్ వైరు, ఇంటర్నెట్ వైరు మూడూ పీకి పక్కన పెట్టాలి. స్పైక్ బస్టరు వోల్టేజి ఒక్కసారిగా కొద్దిగా పెరిగితే ఆపగలదు గాని, నేరుగా పడే పిడుగును ఆపలేదు. అందులోని రక్షణ భాగం దెబ్బలు తింటూ అరిగిపోతుంది కాబట్టి సూచిక దీపం ఆరిపోయినదాన్ని పారేయాలి. ఇన్వర్టరు స్క్వేర్ వేవ్ (కరెంటును నునుపైన అలగా కాక మెట్లుగా ఇచ్చే) రకమైతే ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మరు జోరుగా గోల చేస్తుంది. కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంకుతో ప్లేయరు, దానికి హెడ్‌ఫోన్లు చాలు. తుఫాను తర్వాత మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగి ఉంటే 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 దాకా రావచ్చు. కాబట్టి కరెంటు రాగానే కాక, ఫ్యాను, దీపాలు కాసేపు నిలకడగా పనిచేయడం చూసి, ఆ తర్వాతే ప్లగ్గు పెట్టాలి. జల్లు కొట్టి పెట్టె తడిసి ఉంటే, పైకి ఆరినట్టు కనబడినా మెకానిక్‌కు చూపించేదాకా ఆన్ చేయకూడదు.