పోలిష్ ఇంటిపేర్లు – 5వ పాఠం: నోవాక్ భార్య ‘నోవాకా’ కాదు

పోయిన పాఠంలో కొవాల్‌స్కి గురించి చెప్పుకున్నాం. కొవాల్ అంటే కమ్మరి. భర్త కొవాల్‌స్కి అయితే భార్య కొవాల్‌స్కా. అంతవరకు అందరికీ బాగానే ఎక్కింది. కానీ నోవాక్ భార్య పేరు రాయమంటే చాలామంది ‘నోవాకా’ అని రాశారు. ఆ సూత్రం ఎక్కడ ఆగిపోతుందో నేను చెప్పలేదు, అది నా పొరపాటే. అందుకే ఈ వారం అనుకున్న ఊరిపేర్ల పాఠం పక్కన పెట్టేశాను.

‘స్కి’తో ముగిసే పేరు విశేషణం, కాబట్టి ఆడ, మగ తేడాను బట్టి మారుతుంది. నోవాక్ నామవాచకం. భర్తా నోవాకే, భార్యా నోవాకే. పాతకాలంలో భార్యను నోవాకోవా అనీ, పెళ్లికాని కూతుర్ని నోవాకువ్నా అనీ అనేవారు.

మరి ‘నోవాకా’ అనే మాట రికార్డుల్లో ఎందుకు కనిపిస్తుంది? వార్సా చుట్టుపక్కల 1808 నుంచి 1868 దాకా జనన మరణాలు పోలిష్‌లోనే రాశారు. వాటిలో ‘సిన్ యానా నోవాకా’ అని ఉంటే, యాన్ నోవాక్ కొడుకు అని అర్థం. మనం ‘రాముడి కొడుకు’ అంటాం. అది చూసి తండ్రి పేరు ‘రాముడి’ అని ఎవరైనా రాసుకుంటే ఎలా ఉంటుంది? ‘నోవాకా’ కూడా అంతే. అది మగవాడి పేరే, షష్ఠీ విభక్తిలో ఉంది. ‘జోనా యానా నోవాకా’ అంటే యాన్ నోవాక్ భార్య. ఇక్కడా నోవాకా అన్నది భర్త పేరే, ఆవిడది కాదు. ఈ ఒక్క ‘ఆ’ వల్ల వంశవృక్షంలో లేని ఆడమనిషి పుట్టుకొస్తుంది. నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే తప్పు ఇదే. నేనైతే ఏ పేరు చూసినా ముందు దాని చివర చూస్తాను, అర్థం సంగతి తర్వాత.

ఇక అర్థం. నోవి అంటే కొత్త. నోవాక్ అంటే ఊరికి కొత్తగా వచ్చినవాడు. కొత్తవాడు రాని ఊరుండదు కదా! ఏ ఊరికి ఆ ఊళ్లోనే ఈ పేరు విడిగా పుట్టింది. అందుకే పోలండ్‌లో ఇదే మొదటి స్థానంలో ఉంది, సుమారు 2 లక్షల మందికి ఇదే ఇంటిపేరు. కొవాల్‌స్కి, కొవాల్‌స్కా రెండూ కలిపి లెక్కేసినా దీని తర్వాతే. పక్కనున్న చెక్ దేశంలోనూ నోవాక్ అనే పేరుదే పైచేయి. కాబట్టి ఇద్దరు నోవాక్‌లు ఎదురుపడితే చుట్టాలని అనుకోకండి.

అభ్యాసం ఒక్కటే, కాస్త కష్టమైనది. ‘ట్సుర్కా ప్యోత్రా వూయ్‌చికా ఇ మారీ జ్ లెవాండోవ్‌స్కిఖ్’. ట్సుర్కా అంటే కూతురు, ఇ అంటే మరియు, జ్ అంటే ‘నుంచి’. చివరి మాట బహువచనం, ‘లెవాండోవ్‌స్కిల ఇంటి నుంచి’ అని. తండ్రి పూర్తి పేరు, తల్లి పుట్టింటి పేరు, కూతురు పెళ్లికి ముందు వాడే ఇంటిపేరు, మూడూ రాసి పంపండి. ప్రతి పేరు పక్కన అది నామవాచకమో విశేషణమో కూడా రాయాలి.