సైన్సు, టెక్నాలజీ వార్తలపై అభిప్రాయం ఏర్పరచుకోవడం, చెప్పడం ఎలా

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారికి సైన్సు వార్త ఎక్కడో దూరాన జరిగిన సంగతి కాదు. ఇస్రో ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. చంద్రయాన్-3 చంద్రుడిపై దిగుతున్నప్పుడు దానిని అనుక్షణం గమనించిన నియంత్రణ కేంద్రం పీణ్యలో ఉంది. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఏ అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరైనా నలుగురు తెలుగువాళ్లు నిలబడి మాట్లాడుకుంటూ ఉంటే, వారిలో కనీసం ఇద్దరికి కంప్యూటర్లతోనో యంత్రాలతోనో రోజూ పని ఉంటుంది. అందువల్ల అటువంటి వార్త రాగానే ఇక్కడ ప్రతివారికీ ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. అలా ఏర్పడడం మంచిదే. పరిశోధనలో చాలా భాగం ప్రజల పన్నులతోనే నడుస్తుంది, దాని ఫలితాలు చివరికి మన ఇళ్లకే వస్తాయి కాబట్టి, ఆ శాస్త్రంలో డిగ్రీ లేనివారు నోరు మెదపకూడదనే వాదనను నేను ఒప్పుకోను.

అయితే నోరు విప్పే ముందు చేయవలసిన పని ఒకటుంది. ప్రతి వార్తలోనూ రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. చెప్పిన విషయం నిజమా అన్నది మొదటిది. నిజమే అయితే దానికి ఎంత ఖర్చు పెట్టాలి, ఎవరి చేతికి ఇవ్వాలి, మన ఇంట్లో, మన వీధిలో దానికి చోటు ఇవ్వాలా అన్నది రెండవది. మొదటి ప్రశ్న కొలతలతో, ప్రయోగాలతో తేలుతుంది. అందులో మనం అడగగలిగినవి మంచి సందేహాలు మాత్రమే. రెండవ ప్రశ్న మాత్రం ఏ ప్రయోగశాలలోనూ తేలదు, అక్కడ కాఫీ హోటలు నడిపేవారి మాటకూ, విశ్రాంత ఉపాధ్యాయుడి మాటకూ, శాస్త్రవేత్త మాటకు ఉన్నంత విలువ ఉంది. మనం ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నామో ముందు మనకే స్పష్టంగా తెలియాలి.

మొదటి ప్రశ్నతో మొదలుపెడదాం. శీర్షిక చదివి ఆగిపోకుండా వార్తలోని అంకెల దాకా వెళ్లడం అలవాటు చేసుకోవాలి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు అనేక శీర్షికలు “చంద్రుడి దక్షిణ ధ్రువంపై” అన్నాయి. అది దిగిన చోటు సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం. ధ్రువం 90 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంటే ఆ చోటికీ ధ్రువానికీ మధ్య దాదాపు 600 కిలోమీటర్ల దూరం ఉంది. దక్షిణ ధ్రువానికి అంత చేరువలో అంతకుముందు ఏ దేశమూ నెమ్మదిగా దిగలేదన్నది నిజం, ఆ ఘనత తక్కువదేమీ కాదు. అలాగే ఆదిత్య-ఎల్1 “సూర్యుడి చెంతకు” వెళ్లిందని చదివినవారు దూరాలు చూస్తే విషయం అర్థమవుతుంది: భూమి నుంచి సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఆ నౌక నిలిచిన చోటు 15 లక్షల కిలోమీటర్ల దగ్గరే, అంటే దారిలో నూరో వంతు. అక్కడినుంచి గ్రహణాల అడ్డు లేకుండా సూర్యుణ్ణి నిరంతరం చూడవచ్చు కాబట్టే ఆ చోటును ఎంచుకున్నారు. శీర్షికలోని అతిశయాన్ని పక్కన పెట్టినప్పుడే అసలు గొప్పతనం ఎక్కడుందో కనిపిస్తుంది.

తరువాత, ఆ విషయం ఏ దశలో ఉన్నదో చూడాలి. శాస్త్రవేత్తలు తమ పత్రాన్ని తోటివారి సమీక్షకు ముందే అందరికీ అందుబాటులో పెట్టే పద్ధతి ఉంది, దానిని ప్రీప్రింట్ అంటారు. 2023 జూలైలో కొరియా బృందం ఒకటి గది ఉష్ణోగ్రతలోనే అతివాహకంగా, అంటే విద్యుత్తును ఏ నిరోధమూ లేకుండా ప్రవహింపజేసేలా, పనిచేసే పదార్థం, ఎల్‌కె-99, దొరికిందని చెప్పింది అటువంటి పత్రంలోనే. కొద్ది వారాల్లోనే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలతో సహా పలు దేశాల ప్రయోగశాలలు దానిని తయారుచేసి చూసి, అతివాహకత కనబడలేదని చెప్పాయి. ఆ కొద్ది వారాలు వేచి ఉండగలిగిన పాఠకుడికి పోయిందేమీ లేదు.

సమీక్ష పూర్తయి పేరున్న పత్రికలో అచ్చయినంత మాత్రాన విషయం ముగిసిపోదని చెప్పడానికి మన ఊరి ఉదాహరణే ఉంది, దీనిని ప్రతి తెలుగు పాఠకుడూ తెలుసుకోవాలని నా కోరిక. విశ్వంలో మొట్టమొదటి నక్షత్రాలు వెలిగిన కాలానికి చెందిన రేడియో సంకేతాన్ని 78 మెగాహెర్ట్జ్ దగ్గర పట్టుకున్నామని 2018లో అమెరికా బృందం ఒకటి ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. వారి పరికరం, ఎడ్జెస్, పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి నేలపై ఉంది. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థవారు తమ సొంత పరికరం సారస్-3తో దానిని పరీక్షించదలచారు. యాంటెన్నా కింద ఉండే నేల పొరలు పొరలుగా ఉండి కొలతలను తారుమారు చేయవచ్చు, నీరు అయితే అంతటా ఒకే తీరుగా ఉంటుంది. అందుకని వారు యాంటెన్నాను తెప్పపై అమర్చి నీటిలో తేల్చారు. నగరాల ఎఫ్ఎం కేంద్రాల ప్రసారాలు 88 మెగాహెర్ట్జ్ నుంచి మొదలవుతాయి కాబట్టి ఆ రొదకు దూరంగా, 2020 తొలినెలల్లో కర్ణాటకలోని దండిగానహళ్లి చెరువులోనూ, శరావతి వెనుకజలాల్లోనూ కొలతలు తీశారు. 2022లో ఫలితం వెలువడింది: ఎడ్జెస్ చెప్పిన ఆకారంలో సంకేతం తమకు కనబడలేదని, ఆ మాట 95.3 శాతం విశ్వాసంతో చెప్పగలమని వారు రాశారు.

ఇందులో పాఠకుడు నేర్చుకోవలసింది చాలా ఉంది. మొదటి బృందం మోసం చేయలేదు, రెండవ బృందం వారిని ఎగతాళి చేయలేదు. ఒకరి మాటను మరొకరు వేరే పరికరంతో, వేరే చోట, వేరే పద్ధతిలో కొలిచి చూశారు. రెండవవారు కూడా “నూటికి నూరుపాళ్లూ” అనకుండా తమ నమ్మకానికి ఒక అంకె ఇచ్చారు. కాబట్టి గొప్ప ఆవిష్కరణ వార్త చదివినప్పుడు మనం అడగవలసిన ప్రశ్న ఇదే: దీనిని మరెవరైనా విడిగా చేసి చూశారా? లేదనే జవాబు వస్తే, ఆసక్తిగా ఎదురుచూడడమే సరైన అభిప్రాయం, దానిని నలుగురిలో చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు.

ఆరోగ్య వార్తలలో చిక్కు మరో రకంగా ఉంటుంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడితో తాగే పానీయాలను, బహుశా క్యాన్సర్ కలిగించేవి అనే వర్గంలో చేర్చింది. అదే సందర్భంలో కాఫీని అంతకుముందున్న అనుమానిత వర్గం నుంచి తప్పించి, క్యాన్సర్ కారకమో కాదో చెప్పడానికి ఆధారాలు చాలని వర్గంలోకి మార్చింది. “వేడి కాఫీతో క్యాన్సర్” అనే ఒక్క వాక్యం పట్టుకుంటే ఈ రెండు సంగతులూ తలకిందులైపోతాయి. బెంగళూరు దర్శిని హోటల్లో కౌంటరు మీద పెట్టిన కాఫీని తలచుకోండి: చిక్కటి డికాక్షన్‌పై పొగలు కక్కే పాలు పోశారు, స్టీలు గ్లాసు అంచు పట్టుకుంటే వేళ్లు చురుక్కుమంటున్నాయి, పైన నురుగు ఇంకా అణగలేదు. ఆ వార్త అడుగుతున్నది ఈ గ్లాసును వదిలేయమని కాదు. రెండుసార్లు తిరగబోసుకుని, నాలుక కాలని వేడికి వచ్చాక తాగమని మాత్రమే. అన్నవాహిక క్యాన్సర్‌కు సంబంధించిన ఆ ఆధారాలు కూడా ప్రధానంగా టీ, మాటే (దక్షిణ అమెరికాలో ఆకులతో కాచే పానీయం) వంటి వాటిని చాలా వేడిగా తాగే అలవాటున్న చైనా, ఇరాన్, తుర్కియే, దక్షిణ అమెరికా ప్రాంతాలవి.

ఆ సంస్థ వర్గాలు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని పొగాకు ఉన్న వర్గంలోనే చేర్చినప్పుడు, రెండూ సమానంగా ప్రాణాంతకమని చాలామంది అనుకున్నారు. రోజుకు 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ అవకాశం 18 శాతం పెరుగుతుందన్నది ఆనాటి అంచనా. వందమందిలో ఐదుగురికి వచ్చే జబ్బు 18 శాతం పెరిగితే దాదాపు ఆరుగురికి చేరుతుంది. శాతం కనబడగానే “దేని మీద?” అని అడగడం ఒక్కటి నేర్చుకున్నా ఆరోగ్య వార్తలలో సగం భయం తగ్గుతుంది.

కంపెనీల ప్రకటనలకు ఇదే ప్రశ్న కాస్త మార్చి వేయాలి: ఏ పనిలో? 2024 డిసెంబరులో గూగుల్ తన విల్లో క్వాంటమ్ చిప్ అయిదు నిమిషాల లోపు చేసిన లెక్కకు నేటి మేటి సూపర్ కంప్యూటర్లకు 1 పక్కన 25 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలు పడుతుందని చెప్పింది. ఆ లెక్క అటువంటి యంత్రాల సత్తాను పరీక్షించడానికి పెట్టుకున్నది, దానితో నిత్యవ్యవహారంలో జరిగే పని ఏదీ ఇప్పటికి లేదు. ఆ చిప్ విషయంలో నిజంగా ముఖ్యమైన సంగతి, క్యూబిట్ల (క్వాంటమ్ చిప్‌లో లెక్కలకు ఆధారమైన మూలాంశాల) అమరిక పెద్దదయ్యే కొద్దీ పొరపాట్లు తగ్గడం, శీర్షికల్లో వెనక్కి పోయింది.

అభిమానం కూడా చూపును మసకబరుస్తుంది. 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కె2-18బి గ్రహంపై, భూమి మీద సముద్రజీవులు విడుదల చేసే వాయువు జాడలు కనబడి ఉండవచ్చని 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జిలో పనిచేసే భారత సంతతి శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం చెప్పినప్పుడు, మనవాడు గ్రహాంతర జీవాన్ని కనుగొన్నాడని సంబరపడ్డవారు ఎందరో. ఆ బృందమే తమ ఫలితం మూడు సిగ్మా స్థాయిలో ఉందని (సిగ్మా అంటే ఫలితం కేవలం యాదృచ్ఛికం కాదనడానికి ఎంత బలముందో చెప్పే కొలమానం), ఆవిష్కరణ అనడానికి శాస్త్రలోకం అడిగే అయిదు సిగ్మాకు ఇంకా చేరలేదని స్పష్టంగా చెప్పింది. మనవారిని గౌరవించడమంటే వారు చెప్పినంతే చెప్పడం.

ఇక రెండవ ప్రశ్న దగ్గరకు వద్దాం. ఇక్కడ పాఠకుడు వెనక్కి తగ్గకూడదు. చంద్రయాన్-3కి అయిన ఖర్చు సుమారు 615 కోట్ల రూపాయలు, దేశ జనాభాపై పంచితే మనిషికి నాలుగున్నర రూపాయల లోపు. ఆ డబ్బు బడులకు పెట్టవలసిందని ఒకరు, ఇంకా ఎక్కువ పెట్టవలసిందని మరొకరు అనవచ్చు. రెండూ గౌరవించదగిన అభిప్రాయాలే. అంకె తెలిసి చెప్పాలన్నదే షరతు.

అపార్ట్‌మెంటు డాబా మీద సెల్ టవర్ పెట్టనివ్వాలా అన్న చర్చ ఇంకా దగ్గరి ఉదాహరణ. అక్కడ “రేడియేషన్” అనే మాట రాగానే రెండు ప్రశ్నలూ కలగాపులగమైపోతాయి, అద్దె నచ్చనివారూ, జనరేటర్ శబ్దం నచ్చనివారూ కూడా తమ అయిష్టానికి క్యాన్సర్ పేరు పెడతారు. వాటిని విడదీయండి. రేడియో తరంగాలను 2011లో క్యాన్సర్ సంస్థ, కలిగించే అవకాశం ఉండవచ్చుననే 2బి వర్గంలో, పరిమిత ఆధారాలతో చేర్చింది. మన దేశం 2012లో టవర్ల నుంచి వెలువడే తరంగాల పరిమితిని అంతర్జాతీయ సూచనలో పదో వంతుకు తగ్గించింది. మన టవర్ ఆ పరిమితిలో ఉందా అన్నది కొలిస్తే తేలే విషయం, టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ వెబ్‌సైట్‌లో రుసుము కట్టి కొలత కోరవచ్చు. డాబా ఆ బరువు మోయగలదా అన్నది నిర్మాణ ఇంజనీరు చెప్పాలి. అద్దె ఎవరికి చెందాలి, పై అంతస్తువారి సమ్మతి తీసుకోవాలా, రాత్రిపూట జనరేటర్ మోతను ఎంతవరకు భరించాలి అన్నవి మాత్రం అక్కడ కూర్చున్నవారి అభిప్రాయంతోనే తేలాలి. “నాకు ఆ మోత వద్దు” అనడం చాలినంత కారణం, దానికి శాస్త్రం తోడు అక్కరలేదు.

చెప్పే తీరు గురించి కొంచెం. ఒక్క బృందం చెప్పిన దానిని “శాస్త్రవేత్తలు తేల్చేశారు” అనకండి, “ఒక బృందం చెబుతోంది” అనండి. మీరు చదివింది పత్రమో, వార్తో, ఎవరో పంపిన సందేశమో ముందే చెప్పండి. పెద్దవారు పొరపాటు వార్త చెప్పినప్పుడు నలుగురిలో “అది అబద్ధం” అనడం వారిని నొప్పించడమే తప్ప మరేమీ కాదు, “మాస్టారూ, అది ఎక్కడ అచ్చయిందో చూశారా? ఇద్దరం కలిసి చూద్దాం రండి” అంటే వారు తప్పక వస్తారు, మీరూ మరొకసారి చదివినట్టవుతుంది. ఐటీ ఉద్యోగి అయినంత మాత్రాన కృత్రిమ మేధపై తన మాటే చెల్లాలని ఎవరైనా అంటే, వారి పని ఏమిటో మర్యాదగా అడగండి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవారికీ, భాషా నమూనాలపై పనిచేసేవారికీ తెలిసినవి వేరు వేరు.

సందేహం మిగిలితే అడగడానికి ఈ ఊళ్లో చోట్లు ఉన్నాయి. భారతీయ విజ్ఞాన సంస్థ ఏటా ఒక రోజు తన తలుపులు అందరికీ తెరుస్తుంది. పరిశోధక విద్యార్థులు తమ బల్లల దగ్గర నిలబడి బడిపిల్లలు అడిగే ప్రశ్నలకు కూడా ఓపికగా జవాబు చెబుతారు, వారిలో తెలుగులో చెప్పగలిగేవారు తారసపడడం అరుదు కాదు. వెళ్లేటప్పుడు గత ఏడాది మీరు ఎక్కువగా వాదించిన వార్తను కాగితంపై రాసుకుని వెళ్లండి. దానిని ఎవరైనా మళ్లీ చేసి చూశారా అని, చేసి ఉంటే ఏమి వచ్చిందని అడగండి.