పెల్లెట్ గ్రిల్ సంరక్షణ – 4వ పాఠం: గాలి దారులు

పోయిన పాఠంలో హాపర్ (పెల్లెట్లు, అంటే కట్టెపొడిని నొక్కి చేసిన గుళికలు పోసే పెట్టె) ఖాళీ చేసి, ఆగర్‌లో (వాటిని మంట దగ్గరికి నెట్టే మరసీలలో) ఇరుక్కున్న నుసి తీయడం నేర్చుకున్నాం. ఈసారి గాలి సంగతి. గ్రిల్‌ను 350కి పెడితే 290 దగ్గరే ఆగిపోతోందనో, మధ్యలో మంట ఆరిపోతోందనో టెన్షన్ పడి చాలామంది ముందుగా కంట్రోలరో (వేడిని అదుపు చేసేది) ఇగ్నైటరో (పెల్లెట్లను అంటించేది) ఆర్డర్ పెట్టేస్తారు. పార్టు కొనే ముందు గాలి దారిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడమని నా సలహా. డబ్బు ఖర్చు కాని రిపేర్ ఇదొక్కటే. (ఈ పాఠాల్లో డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే.)

ముందు దారి తెలియాలి. హాపర్ అడుగున ఉన్న చీలికల్లోంచి ఫ్యాన్ బయటి గాలిని లాగుతుంది. ఆ గాలి ఆగర్ గొట్టం చుట్టూ వెళ్లి, ఫైర్ పాట్ (పెల్లెట్లు కాలే చిన్న గిన్నె) గోడల్లోని చిన్న రంధ్రాల గుండా మంటలోకి దూరుతుంది. కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం చేసే పనే ఇక్కడ ఫ్యాన్ చేస్తోంది, కాకపోతే గంటల తరబడి ఆపకుండా. వేడి గాలి పైనున్న రేకుకు తగిలి పక్కలకు పరుచుకుని, డ్రిప్ ట్రే (కారే కొవ్వు పట్టే పళ్లెం) అంచుల సందుల్లోంచి పైకి లేచి, మాంసం చుట్టూ తిరిగి చిమ్నీలోంచి బయటికి పోతుంది. కొన్ని మోడళ్లకు చిమ్నీ బదులు వెనక గోడకు చీలికలు ఉంటాయి.

బొగ్గుల గ్రిల్ వాడి వచ్చినవాళ్లు ఒక అలవాటు మార్చుకోవాలి. అక్కడ వెంట్లు మూస్తే వేడి తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది. ఇక్కడ ఆ పని మీది కాదు. 1980ల్లో ఒరెగాన్‌లోని మౌంట్ ఏంజెల్‌లో జో ట్రేగర్ ఈ రకం గ్రిల్ తయారు చేసినప్పటి నుంచీ పద్ధతి ఒకటే: పెల్లెట్లను ఆగర్ తెస్తుంది, గాలిని ఫ్యాన్ తెస్తుంది. వెంట్లు ఎప్పుడూ తెరిచే ఉండాలి. పొగ వాసన బాగా పడుతుందని చిమ్నీ మూతను కిందికి బిగించేవాళ్లున్నారు. అలా చేస్తే పొగ బయటికి పోలేక వెనక్కి తన్ని ఆగర్ గొట్టంలోంచి హాపర్‌లోకి వస్తుంది. దాని వెనకాలే నిప్పు కూడా పాకే ప్రమాదం ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

ఇక పని మొదలుపెడదాం. నిన్న రాత్రి వండితే ఇవాళ పొద్దున శుభ్రం చేయండి. పైకి చల్లగా కనిపించే బూడిద కింద నిప్పురవ్వ గంటల తరబడి బతికే ఉంటుంది. ప్లగ్ తీసేయండి. ఇంట్లో కార్పెట్‌కు వాడే వాక్యూమ్ వద్దు, షాప్ వాక్ (వర్క్‌షాపుల్లో వాడే మొరటు వాక్యూమ్) వాడండి. అదైనా బూడిద పూర్తిగా చల్లారాకే.

గ్రేట్లు (మాంసం పెట్టే జాలీలు), డ్రిప్ ట్రే, దాని కిందున్న రేకు తీస్తే అడుగున ఫైర్ పాట్ కనిపిస్తుంది. దీని దగ్గర తీరిగ్గా కూర్చోండి, ఈ పాఠమంతా ఇక్కడే ఉంది. బూడిద లాగేశాక ఫోన్ టార్చి లోపలికి వేసి గోడల రంధ్రాలను ఒక్కొక్కటిగా చూడండి. తెరిచి ఉన్నది నల్లగా, అంచు స్పష్టంగా కనిపిస్తుంది. మూసుకుపోయినదాని మీద బూడిద గట్టిపడి, బూడిదరంగు పెచ్చు కట్టి ఉంటుంది. అడుగు వరసవే ముందు మూసుకుపోతాయి, ఎందుకంటే బూడిద పేరుకునేది అక్కడే. కబాబ్ పుల్లతో ఒక్కో రంధ్రంలో మెల్లగా పొడిచి తిప్పండి. పెచ్చు ఊడి లోపల పడితే మళ్లీ వాక్యూమ్ పెట్టండి. మేకుతో, డ్రిల్లుతో రంధ్రాలు పెద్దవి చేయకండి. ఎంత గాలి కావాలో లెక్కవేసి పెట్టిన కొలత అది. పక్కనుంచి పొడుచుకొచ్చిన సన్నటి కడ్డీ ఇగ్నైటర్, దానికి దెబ్బ తగలనివ్వకండి. తుప్పుపట్టి రెండు రంధ్రాలు ఒకటైపోయి ఉంటే మాత్రం ఫైర్ పాట్ మార్చాల్సిందే. నీళ్లు పోసి కడగడం అసలు వద్దు. తడి బూడిద ఆరాక రాయిలా బిగుసుకుంటుంది.

తర్వాత ఫ్యాన్. హాపర్ కిందున్న రేకు స్క్రూలు విప్పితే అందుతుంది. ఎక్కువగా కనిపించేవి పెల్లెట్ నుసి, సాలెగూళ్లు, ఇంట్లో కుక్క ఉంటే దాని వెంట్రుకలు. టెక్సస్‌లాంటి చోట్ల మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు ఈ చీలికలంటే మహా ఇష్టం. ఎండాకాలంలో కొన్ని వారాలు గ్రిల్ ముట్టుకోకపోతే ఒకసారి చూసుకోవాలి. పాత టూత్ బ్రష్‌తో రెక్కలు తుడవండి. గాలి డబ్బాతో ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే అది మితిమీరిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. చివరికి వేలితో ఒకసారి తిప్పండి. చప్పుడు లేకుండా తిరిగితే సరే. గరగరమంటే, పట్టి పట్టి ఆగితే ఫ్యాన్ రోజులు దగ్గరపడ్డాయి. ఎక్కడ పడితే అక్కడ నూనె కొట్టకండి, నుసి ఇంకా అంటుకుంటుంది.

డ్రిప్ ట్రే దగ్గర మన ఇళ్లలో ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఒకటుంది. గెట్‌టుగెదర్‌కి పెరుగు, నూనె, మసాలా పట్టించిన చికెన్ లెగ్స్ గ్రిల్ నిండా పేరిస్తే కారేది మామూలు కొవ్వు కాదు, చిక్కటి ముద్ద. కడగడం తప్పించుకోవడానికి ట్రేకి ఫాయిల్ చుడతాం. చుట్టడం మంచిదే, అయితే ఫాయిల్ అంచులు పక్క సందుల్లోకి వేలాడకూడదు. వేలాడితే గాలి లేచే దారి సగం పోయినట్టే. ఫాయిల్‌ను ట్రే అంచుకు నొక్కి బిగించండి. గ్రేట్ మొత్తం కప్పేసే పెద్ద అల్యూమినియం ట్రే పెట్టినా ఇదే గొడవ. ఒకటి బదులు రెండు చిన్న ట్రేలు పెట్టి, చుట్టూ రెండంగుళాల ఖాళీ వదలండి.

చిమ్నీ సులువు. మూత విప్పి, లోపలి మసిని ప్లాస్టిక్ గరిటెతో గీకి, జిగురుగా ఉన్నచోట పేపర్ టవల్‌తో తుడిచేయండి. ఆ జిగురు మసికి నిప్పు అంటుకునే గుణం ఉంది. వెనక చీలికలున్న గ్రిల్ అయితే గోడకు ఆనించి పెట్టకండి.

ఎన్నాళ్లకోసారి? సుమారు 20 గంటల వంటకు ఒకసారి చాలు. అయితే 12 గంటలు పట్టే బ్రిస్కెట్ (బీఫ్ ఛాతీ ముక్క) లాంటిది పెట్టేముందు, లెక్కతో పని లేకుండా ఫైర్ పాట్ ఖాళీ చేయండి. నుసి ఎక్కువున్న పెల్లెట్ల బస్తా, చెమ్మ తగిలిన బస్తా వాడితే ఇంకా ముందే చేయాలి.

జాగ్రత్తగా చదవాల్సింది ఇది. వంట మధ్యలో మంట ఆరిపోతే వెంటనే మళ్లీ ఆన్ చేయకండి. అప్పటికే ఫైర్ పాట్ కాలని పెల్లెట్లతో నిండి ఉంటుంది. అవన్నీ ఒక్కసారి అంటుకుంటే మూత ఎగిరేంత మంట లేవొచ్చు. చిక్కటి తెల్లపొగ వస్తుంటే మూత తెరవకండి, దూరంగా ఉండండి. పొగ తగ్గి, గ్రిల్ పూర్తిగా చల్లారాక ప్లగ్ తీసి, పాట్ ఖాళీ చేసి, అప్పుడే మొదలుపెట్టండి.

అన్నీ బిగించాక పరీక్ష. మీ మోడల్ మాన్యువల్ చెప్పినట్టు మూత తెరిచో మూసో వెలిగించండి. మూత మూశాక చిమ్నీ అంచు దగ్గర పొడవాటి టిష్యూ ముక్క పట్టుకుంటే అది పైకి లేస్తూ ఆడాలి. మొదట్లో కాసేపు తెల్లపొగ రావడం మామూలే. వేడెక్కాక పొగ పల్చబడి నీలంగా మారాలి, కొన్నిసార్లు కంటికి కనపడనే కనపడదు. అరగంట తర్వాత కూడా తెల్లగా, మందంగా వస్తుంటే ఎక్కడో అడ్డం మిగిలింది. ఫైర్ పాట్ దగ్గర నుంచి మళ్లీ చూడండి.

ఈ వారం పని: శుభ్రం చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి గ్రిల్‌ను 350కి పెట్టి, అక్కడికి చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. రెండు రోజులూ వాతావరణం ఒకేలా ఉండేట్టు చూసుకోండి. తేడా ఏమీ లేకపోతే అనుమానం లోపలి టెంపరేచర్ ప్రోబ్ మీదికి పోతుంది. 5వ పాఠంలో దాని మీది మసి తీసి, రీడింగ్ సరిచూడటం చేద్దాం. ఆ కాగితం దగ్గర పెట్టుకుని రండి.