పండగ రోజుల్లో అమ్మకానికి పెట్టిన ఇల్లు: అలంకరణకి ముందు జాగ్రత్తలు

ఆషాఢం పోయేదాకా ఆగి, శ్రావణంలో ఇళ్లు చూడటం మొదలుపెట్టినవాళ్లు మహాలయ పక్షాలు దాటాక దసరాకల్లా ఏదో ఒకటి తేల్చుకుంటారు. విజయదశమికి బయానా ఇద్దామనేవాళ్లు, ధనత్రయోదశికి అగ్రిమెంట్ రాసుకుందామనేవాళ్లు హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా చాలామందే కనిపిస్తారు. సరిగ్గా అప్పుడే మనింట్లోనూ పండగ. గుమ్మానికి తోరణం, గడపకి పసుపు, బాల్కనీకి లైట్లు పడగానే ఇంటికి కళ వచ్చేస్తుంది. ఆ కళ అమ్మకానికి సాయం చేస్తుందన్న మాట నిజమే. కానీ కొనేవాళ్లు చూడ్డానికి వచ్చేది ఇంటిని. పూలదండల వెనక గోడ దాక్కుంటే వాళ్లకి అనుమానమే మిగులుతుంది. నన్నడిగితే అలంకరణంతా గుమ్మం దగ్గర, పూజగదిలో, బాల్కనీలో ఉంచుకుని, హాలూ పడగ్గదులూ వంటిల్లూ శుభ్రంగా, ఖాళీగా వదిలేయడం మేలు.

మొట్టమొదట ఫోటోలు. ప్రకటనలో పెట్టే ఫోటోలు తోరణాలు కట్టకముందే, పగటి వెలుతురులో తీసి ఉంచుకోండి. దసరా బంతిపూలతో తీసిన ఫోటో కార్తీకం దాటాక కూడా వెబ్‌సైట్‌లో అలాగే ఉంటే, "అప్పట్నుంచీ అమ్ముడుపోలేదా, ఏం లోపముందో" అనుకుంటారు. బేరం అక్కడే తగ్గుతుంది.

వానాకాలం అప్పుడే వెళ్లిపోతూ ఉంటుంది కాబట్టి గోడల చెమ్మ బయటపడేదీ ఈ రోజుల్లోనే. బాత్‌రూమ్ వెనక గోడ, టెర్రస్ కింద సీలింగ్ మూలలు ఒకసారి చేత్తో తాకి చూడండి. చెమ్మ ఉన్నచోట రంగు వేయించి, పైన కర్టెనో పూల అలంకరణో పెట్టి కప్పేయాలనే ఆలోచన మాత్రం వద్దు. తడి గోడ మీద వేసిన రంగు కొద్ది రోజుల్లోనే పొక్కుతుంది. పైగా కొనేవాడు మామూలుగా చూస్తే కనపడని పెద్ద లోపం మనకి తెలిసి ఉంటే, దాన్ని చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్ల మీద ఉందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. లీకేజీ ఉంటే బాగుచేయించండి, వీల్లేకపోతే చెప్పేయండి.

గోడలకి కొత్త మేకులు కొట్టొద్దు. మేకులెందుకని రెండువైపులా అంటుకునే టేపు వాడతారు గానీ, దాన్ని లాగేటప్పుడు రంగుతోపాటు లప్పం కూడా పెచ్చులుగా ఊడొస్తుంది. పండగ మర్నాడు ఎవరైనా చూడటానికి వస్తే గోడంతా తెల్ల మచ్చలే. గుమ్మానికి పాత మేకులుంటే వాటికే తోరణం కట్టండి, లేదంటే తలుపు ఫ్రేముకి రెండు చివర్లా పురికొస చుట్టి కట్టినా సరిపోతుంది. టేపు ఇప్పటికే అంటించేసి ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వేడి చేసి, అంచు నుంచి నెమ్మదిగా తీయండి. మావిడాకులు మూడు నాలుగు రోజుల్లో ఎండి ముడుచుకుంటాయి. ఎండిన తోరణం వేలాడే గుమ్మం కంటే ఖాళీ గుమ్మమే నయం. దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ సంగతి కూడా చూసుకోండి. పై నుంచి బాగానే కనిపించినా అడుగున మెత్తబడి నీరు కారుతుంటుంది, ఆ నీళ్లు పడ్డచోట నేల జారుతుంది. సరిగ్గా మనిషి నిలబడే చోటే అది ఉంటుంది. కొత్తది కట్టండి, లేదా తీసేయండి.

నేల దగ్గర ఇంకాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే గోడకి మళ్లీ రంగు వేయొచ్చు గానీ పాలరాయి మార్చలేం. పాలరాయికి సన్నని రంధ్రాలుంటాయి. నూనె, పసుపునీళ్లు, కుంకుమ, రంగుల ముగ్గు తడిసిందంటే, అన్నీ లోపలికి ఇంకిపోతాయి. ప్రమిదల కింద ఇత్తడి పళ్లెమో, స్టీలు ప్లేటో తప్పకుండా పెట్టండి. అరిటాకు పెడితే సరిపోతుందనుకోకండి, అది వాడి చిరిగితే నూనె కిందికి దిగుతుంది. నూనె ఒలికిందా, వెంటనే తుడిచి మైదాపిండో టాల్కం పౌడరో దట్టంగా చల్లి రాత్రంతా వదిలేయండి, చాలావరకు పీల్చేస్తుంది. నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం దగ్గరికి రానీయొద్దు. ఆమ్లం తగిలితే పాలరాయి మెరుపు పోయి అక్కడ పాలిపోయిన మచ్చ పడుతుంది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. తెలంగాణలో బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూలకి రంగులద్దుతారు కదా, ఆ పని పేపరు పరిచి చేస్తే రంగు కిందికి దిగుతుంది. ప్లాస్టిక్ పట్టా వేసుకుని, వీలైతే టెర్రస్ మీద చేసుకోండి. పెద్ద ముగ్గు వాకిట్లో వేస్తే అందం, ఇంట్లోకి మాత్రం చిన్న బియ్యప్పిండి ముగ్గు చాలు.

ఇక కరెంటు. ప్రాణాల మీదికి వచ్చేది ఇదే. బాల్కనీ ఇనుప గ్రిల్‌కి సీరియల్ లైట్లు చుట్టడం అందరూ చేసే పనే. ఆ సన్నని వైరు గ్రిల్ అంచుకి ఒరుసుకుని పైతోలు తెగితే గ్రిల్ మొత్తానికి కరెంటు పాకుతుంది. వాన పడితే మరీ ప్రమాదం. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు చేసే మొదటి పని బాల్కనీలోకి వెళ్లి గ్రిల్ పట్టుకుని కిందికి చూడటం, వాళ్ల పిల్లలు అంతకంటే ముందే వెళ్తారు. అందుకే వైరు గ్రిల్‌కి నేరుగా చుట్టకుండా నైలాన్ తాడు కట్టి దాని మీద వేలాడదీయండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఉన్న సెట్టే కొనండి. పోయినేటి సెట్ వాడుతుంటే వైరు పొడవునా వేళ్లతో తడిమి, ఎక్కడైనా గట్టిపడ్డా, పగిలినా పారేయండి. ఈ తడమడం ప్లగ్ తీసేసే చేయాలి.

మెయిన్ బోర్డులో ఎంసీబీ (తనంతట తానే పడిపోయే స్విచ్) ఉంది కదా అని ధైర్యపడొద్దు. అది లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూటైనా పడిపోతుంది, మనిషికి షాక్ కొడితే పడిపోదు. షాక్ కొట్టినప్పుడు కరెంటు ఆగిపోవాలంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్ ఉండాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, కరెంటు ఉన్నప్పుడు నొక్కితే టప్పున పడిపోవాలి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించాకే లైట్లు వేయండి. పాత ఫ్లాట్లలో అసలు అది ఉండదు. పెట్టించండి, కొనేవాళ్లకి చెప్పుకోవడానికీ బాగుంటుంది. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఇంకో ఎక్స్‌టెన్షన్ గుచ్చొద్దు. వైరు డోర్‌మ్యాట్ కింద నుంచి తీయొద్దు, వచ్చేపోయేవాళ్లు తొక్కి తొక్కి నలిగిపోతుంది. డిసెంబరులో క్రిస్మస్ స్టార్ కట్టే ఇళ్లలో లోపల పాతకాలం బల్బు కాకుండా ఎల్‌ఈడీ పెట్టండి, కాగితానికి వేడి తగలదు.

నవరాత్రుల్లో అఖండ దీపం పెట్టుకున్న ఇంటికి ఏజెంట్‌ని తాళంచెవి ఇచ్చి ఒంటరిగా పంపొద్దు. గది గాలాడాలని వాళ్లు కిటికీ తెరిస్తే చాలు, కర్టెన్ ఎగిరి దీపం మీద పడొచ్చు. ఎండిన బంతిదండలూ ప్లాస్టిక్ తోరణాలూ దీపానికి దూరంగా ఉండాలి. నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మూతతో కప్పాలి. అదుపు తప్పుతుందనిపిస్తే అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి. ధూపం విషయంలో ఒక్క మాట: సాంబ్రాణి ఘాటుగా వేస్తే చెమ్మ వాసన కప్పిపుచ్చడానికేమో అనుకునేవాళ్లున్నారు, చూడటానికి వచ్చే రోజు కొంచెం చాలు.

లక్ష్మీపూజలో అమ్మవారి ముందు నగలు, నోట్లు పెడతాం. ఆ రోజు ఎవరికీ ఇల్లు చూపించొద్దు. పూజగది వెండి సామాను, బీరువా, పిల్లల స్కూలు ఫోటోలు ప్రకటన ఫోటోల్లో పడకుండా చూసుకోండి. "పండక్కి ఊరెళ్తున్నాం, తర్వాత రండి" అని తెలియనివాళ్లకి చెప్పకండి. "ఆ రోజుల్లో వీలుకాదు" అంటే సరిపోతుంది. ఊరెళ్లేముందు మీ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకి పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు, మీ దగ్గర నడుస్తోందా అని అడగండి.

దీపావళి సాయంత్రం కూడా చూపించడం మానుకోండి. రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పినా, మన వీధుల్లో పొద్దుగూకగానే మొదలెట్టేస్తారు. రాకెట్లు బాల్కనీలోకి దూరకుండా తలుపులు మూసి, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోండి. పిల్లల్ని భూచక్రాలు పార్కింగ్ టైల్స్ మీద తిప్పనివ్వకండి. పాము బిళ్లలు కాల్చినచోట పడే నల్లమచ్చ ఎంత రుద్దినా పోదు, మట్టినేల మీదో పాత రేకు మీదో కాల్పించండి.

పండగ పూట మంచి ముహూర్తం దాటిపోతుందని కొనేవాళ్లు నోట్లకట్ట చేతిలో పెట్టబోతారు. స్థిరాస్తి అమ్మకానికి 20,000 రూపాయలు, అంతకు మించి నగదు రూపంలో తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది, తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీగా కట్టాల్సి రావొచ్చు. తాంబూలంలో 1,116 పెట్టి ఇవ్వమనండి, మిగతాది అకౌంట్‌కి వేయించుకుని రసీదు రాసివ్వండి.