లడఖ్‌లో కనిపించింది ఎర్రనక్కేనా? ముందు తోక చివర చూడండి

మన పొలాల దగ్గర సాయంత్రం అయ్యేసరికి ఊళ పెట్టేది మామూలు నక్క, రోళ్లపాడు లాంటి గడ్డిమైదానాల్లో బొరియలు చేసుకుని ఉండే చిన్నది గుంటనక్క, ఈ రెండూ ఎర్రనక్కలు కావు. ఎర్రనక్కని (రెడ్ ఫాక్స్) చూడాలంటే లడఖో, హిమాచల్‌లోని స్పితియో వెళ్లాలి. కచ్, రాజస్థాన్ ఎడారిలో కూడా దాని రకం ఒకటి ఉంది గానీ ఇక్కడ హిమాలయాల సంగతే చెప్తున్నా.

పేరులో ఎరుపు ఉంది కదా అని రంగు చూసి డిసైడ్ అయిపోకండి, కొన్ని బూడిద కలిసిన పసుపులో ఉంటాయి, ఎండాకాలం బొచ్చు రాలేటప్పుడైతే పాపం జబ్బు చేసినట్టే ఉంటాయి. తోక చూడండి, పొడవుగా ఒత్తుగా ఉండి చివర తెల్లగా ఉంటుంది. నక్కకీ గుంటనక్కకీ ఆ చివర నలుపే. తెలుపు సరిగ్గా కనపడకపోతే చెవుల వెనక చూడండి, నల్లగా ఉంటాయి, కాళ్ల ముందు వైపు కూడా మామూలుగా నలుపే.

లడఖ్ తూర్పున ఉన్న ఎత్తైన పీఠభూమి చాంగ్‌థాంగ్ వైపు వెళ్తే మాత్రం కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే అక్కడ టిబెటన్ నక్క కూడా ఉంది, దాని తోక చివర కూడా తెలుపే! కాకపోతే దాని మొహం వెడల్పుగా, దాదాపు చదరంగా ఉంటుంది, పక్కలు బూడిద రంగు, చెవులు చిన్నవి, వాటి వెనక నలుపు ఉండదు. ఒకసారి ఆ మొహం చూస్తే ఇంక కన్ఫ్యూజన్ రాదులెండి.

మంచులో జంతువు కనపడకపోయినా అడుగులు దొరుకుతాయి. వెనక కాలు ముందు కాలి గుర్తులోనే పడుతుంది కాబట్టి సూదితో కుట్టినట్టు ఒకే వరసలో వెళ్తాయి, ఒక్కో గుర్తు సుమారు 5 సెంటీమీటర్లు, కోలగా ఉంటుంది. ఊరి కుక్క అలా నడవదు, అటు వాసన చూసి ఇటు తిరిగి నానా గందరగోళం చేస్తుంది.

టైమ్ అంటే తెల్లవారుజామున, లేదా పొద్దు వాలాక. చలికాలంలో రుంబక్, కిబ్బర్ లాంటి ఊళ్ల చుట్టుపక్కల మంచు చిరుతల కోసం వెళ్లినవాళ్లకి ఇవి తరచూ కనిపిస్తాయి. కదలకుండా నిలబడి చెవులు రిక్కించి ఒక్కసారిగా పైకెగిరి మూతితో మంచులో పడిందంటే కింద ఎలుక కదిలిందన్నమాట, కెమెరా అప్పటికే ఆన్‌లో ఉండాలి.

బిస్కెట్లు, మ్యాగీ చూపించి దగ్గరికి పిలవద్దు ప్లీజ్, అలవాటుపడితే రోడ్ల మీదకొచ్చి బండ్ల కింద పడతాయి, పైగా కరిస్తే రేబిస్ రిస్క్. ఫొటో తీసేటప్పుడు మొహం ఒక్కటే జూమ్ చేయకుండా తోక, చెవుల వెనక భాగం పడేలా రెండు మూడు తీయండి, తర్వాత తెలిసినవాళ్లని అడిగితే వాళ్లు మొదట అడిగేవి అవే.